పూడ్చేసిన గాడి: 1950ల నాటి ఒక అపార్ట్‌మెంట్ భవనం మరమ్మతు

నేను పాత కాంక్రీట్ భవనాల మరమ్మతు చూసే ఆర్కిటెక్టుని. చిటికెన వేలు పట్టేంత గాడి ఒకటి ఒక పెద్ద భవనాన్ని నలభై ఏళ్లు కాపాడింది. దాన్ని పూడ్చేశాక ఐదేళ్లకే పెచ్చులు ఊడటం మొదలైంది. ఆ సంగతి నాకు మొదటి రోజే తెలియాల్సింది, తెలియలేదు. ఎందుకు తెలియలేదో, ఎలా తెలిసిందో ఈ వృత్తిలో ఉన్నవాళ్లకీ, ఇలాంటి భవనాల్లో ఉంటున్నవాళ్లకీ పనికొస్తుందని రాస్తున్నాను. భవనం పేరు, ఊరు, మనుషుల వివరాలు తీసేశాను.

నేపథ్యం

1950ల చివర్లో కట్టిన పదకొండు అంతస్తుల భవనం అది. మొత్తం 72 ఫ్లాట్లు. నేలమట్టం ఖాళీగా వదిలి, లావుపాటి స్తంభాల మీద భవనాన్ని లేపారు. స్విస్-ఫ్రెంచ్ ఆర్కిటెక్టు లె కార్బూజియే 1927లో చెప్పిన ఐదు సూత్రాలను దాని ముందు నిలబడి వేళ్ల మీద లెక్కపెట్టుకోవచ్చు. స్తంభాల మీద లేచిన ఇల్లు, డాబా మీద తోట, బరువు మోయని గోడలు కాబట్టి ఇష్టమొచ్చినట్టు మార్చుకోగల గదులు, ఈ చివరి నుంచి ఆ చివరి దాకా సాగిన కిటికీలు, ఫ్రేమ్‌కు కట్టుబడని ముఖభాగం. 1952లో ఫ్రాన్స్‌లోని మార్సేలో పూర్తయిన ఆయన అపార్ట్‌మెంట్ భవనం యూనితే ద'అబితాసియోఁ ప్రభావం ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. అక్కడ 337 ఫ్లాట్లకు మూడు అంతస్తులకొకటి చొప్పున లోపలి నడవాలు ఉన్నాయి. ఇక్కడ కూడా నడవా ప్రతి అంతస్తులో లేదు, మూడింటికొకటి. నడవాలోంచి ఫ్లాట్ తలుపు తీసి లోపలికి వెళితే, మెట్లు పైకో కిందికో తీసుకెళతాయి. ఆ రెండో అంతస్తు భవనం ఈ ముఖం నుంచి ఆ ముఖం దాకా ఉంటుంది. అందుకే ప్రతి ఇంటికీ రెండు వైపులా కిటికీలు. ఒక వైపు తెరిస్తే రెండో వైపు నుంచి గాలి బయటికి పోతుంది. ఇన్నేళ్లుగా నేను చూసిన అపార్ట్‌మెంట్లలో మనిషి ఒంటికి ఇంత హాయినిచ్చే అమరిక చాలా తక్కువ.

ఈ కేసంతా పడమటి ముఖం గురించి. సాయంత్రపు ఎండను ఆపడానికి ఆ ముఖం మొత్తం కాంక్రీట్ పలకల గళ్లతో కప్పారు. ఆర్కిటెక్టులు దీన్ని బ్రీజ్ సొలే అంటారు. 1940లలో రియో డి జనీరోలో పూర్తయిన విద్యా, ఆరోగ్య మంత్రిత్వ శాఖ భవనం ఉత్తర ముఖం మీద ఇలాంటి పలకలు ఎండ కోణాన్ని బట్టి తిప్పుకునేలా ఉంటాయి. (దక్షిణార్ధ గోళం కాబట్టి అక్కడ ఎండ ఉత్తరం నుంచి వస్తుంది.) మన భవనంలో పలకలు కదలవు. నిలువు పలకలను ఫ్రేమ్‌తో పాటే అక్కడికక్కడ పోత పోశారు. చెక్క షట్టరింగ్ గీతలు వాటి మీద ఇప్పటికీ స్పష్టంగా ఉన్నాయి. అడ్డ పలకలను 60 మిల్లీమీటర్ల మందాన కిందే పోసి, ఆరాక పైకెత్తి, నిలువు పలకల్లోని గంట్లలో కూర్చోబెట్టారు. అడ్డ పలక వెనక అంచుకూ గోడకూ మధ్య 75 మిల్లీమీటర్ల ఖాళీ వదిలారు. అడ్డ పలక అడుగున, ముందు అంచుకు కొంచెం లోపలగా, పొడవునా ఒక సన్నని గాడి.

ఈ రెండూ, అంటే ఆ ఖాళీ, ఈ గాడి, పాత డ్రాయింగులో కొలతలతో సహా ఉన్నాయి. డ్రాయింగు నా దగ్గర మొదటి వారం నుంచీ ఉంది.

వాళ్లు మమ్మల్ని పిలిచిన సమస్య

భవనానికి అరవై ఏళ్లు నిండే నాటికి అడ్డ పలకల అడుగు నుంచి పెచ్చులు ఊడి పడుతున్నాయి. ఒక రోజు అరచేతి మందం ముక్క పిల్లలు ఆడుకునే చోటికి నాలుగడుగుల దూరంలో పడింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కానీ ఆ రాత్రి నివాసితుల సంఘం సమావేశం పెట్టుకుని, పలకలన్నీ కోసి పారేయాలని దాదాపు తీర్మానించేసింది. మమ్మల్ని పిలిచింది కోసే పద్ధతి చెప్పమని, కొయ్యాలా వద్దా అని అడగడానికి కాదు.

ఆ భయాన్ని నేను తప్పుపట్టను. తల మీద కాంక్రీట్ పడుతుందేమో అన్న టెన్షన్‌తో బతికేవాళ్లకు వాస్తుశిల్ప చరిత్ర పాఠం చెప్పడం అన్యాయం. అందుకే మొదటి పది రోజులూ వేరే చర్చ ఏదీ పెట్టుకోలేదు. కింద రాకపోకల దారికి పైకప్పు వేశాం. వల కట్టాం. తాళ్ల మీద దిగే మనుషులతో ప్రతి పలకనూ సుత్తితో తట్టించాం. గట్టి కాంక్రీట్ ఖంగుమంటుంది, విడిపోయినది డొల్లగా పలుకుతుంది. డొల్ల పలికినదంతా చేత్తోనే రాల్చేశాం. ప్రమాదం తగ్గాకే కొయ్యాలా వద్దా అన్న ప్రశ్నకు సమయం దొరికింది. ఈ వరస మారితే మనుషులు మన మాట వినరు.

మాకంటే ముందు జరిగిన పనులు

సంఘం పాత ఫైళ్లలో రెండు పనుల లెక్కలు దొరికాయి. భవనం 41వ ఏట ఒక పెద్ద రంగుల పని జరిగింది. 50వ ఏట పెచ్చులు ఊడిన చోట్ల సిమెంటు మాల్‌తో అతుకులు వేశారు. పెచ్చులు మొదట ఊడింది 46వ ఏట. ఈ తేదీలు రాసి పెట్టుకున్నాను. కానీ వాటిని పక్కపక్కన పెట్టి చూడటం చాలా ఆలస్యంగా జరిగింది.

50వ ఏటి అతుకులు చూస్తే వాటి కథ తేలిగ్గానే అర్థమైంది. అతుకు గట్టిగా ఉంది, దాని చుట్టూ ఉన్న పాత కాంక్రీట్ పగిలింది. ఫొటో తీస్తే ప్రతి అతుకు చుట్టూ తుప్పు ఉంగరంలా కనిపిస్తుంది. దీనికి కారణం ఉంది. కాంక్రీట్ లోపల తుప్పు పట్టే ఇనుప ఊచ ఒక చిన్న బ్యాటరీ లాంటిది. ఒక చోట ఇనుము కరుగుతుంటే, ఆ పక్కనున్న ఊచకు రక్షణ దొరుకుతుంది. కరిగే చోటును కొత్త మాల్‌తో కప్పితే అక్కడ తుప్పు ఆగుతుంది. దానితో పాటే పక్కనున్న ఊచకు అప్పటిదాకా ఉన్న రక్షణా పోతుంది. అప్పుడు తుప్పు అతుకు అంచుకు జరుగుతుంది. ఊడిన చోటే చూసి అతుకు వేసేవాళ్లు ఏళ్ల తరబడి తుప్పు వెంట పరిగెత్తుతూ ఉంటారు.

మా మొదటి నిర్ధారణ, అది ఎందుకు సరిపోలేదు

మేం పద్ధతి ప్రకారమే వెళ్లాం. తాజాగా పగలగొట్టిన కాంక్రీట్ మీద ఫినాల్ఫ్తలీన్ అనే ద్రావణం చల్లాం. క్షారం మిగిలిన కాంక్రీట్ గులాబీ రంగుకు తిరుగుతుంది, క్షారం పోయినది రంగు మారదు. కొత్త కాంక్రీట్ పీహెచ్ 12.5 పైన ఉంటుంది. ఆ క్షారంలో ఊచ మీద కంటికి కనిపించని ఒక పొర ఏర్పడి తుప్పు రానివ్వదు. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ ఏళ్ల తరబడి లోపలికి ఇంకుతూ ఆ క్షారాన్ని సున్నపురాయిగా మార్చేస్తుంది. పీహెచ్ 9కి దిగేసరికి ఆ పొర పోతుంది. దీన్నే కార్బొనేషన్ అంటాం.

అడ్డ పలకల్లో కార్బొనేషన్ లోతు సగటున 24 మిల్లీమీటర్లు వచ్చింది. ఊచ కింద ఉండాల్సిన కవర్, అంటే ఊచను కప్పే కాంక్రీట్ మందం, డ్రాయింగులో 20. నిజంగా ఉన్నది చాలా చోట్ల 12. పలకలను నేల మీద పోసేటప్పుడు ఊచల జల్లెడ మీద మనుషులు నడిచి ఉంటారు, అది కిందికి కుంగి ఉంటుంది. అప్పట్లో ఇది అన్ని చోట్లా జరిగేదే. పెచ్చులు అడుగు నుంచే ఎందుకు ఊడుతున్నాయో దీనితో తెలిసింది. క్షారం పోయింది, ఊచకు రక్షణ లేదు, తుప్పు పట్టింది, తుప్పు ఇనుము కంటే ఎన్నో రెట్లు ఎక్కువ చోటు అడుగుతుంది, కాంక్రీట్ పగిలింది. నా రిపోర్టు ఇంత చక్కగా కుదిరింది. కుదిరింది కాబట్టే ఇంకో ప్రశ్న వెయ్యలేదు.

ఆ నిర్ధారణ ప్రకారం ఒక వరుసలో నమూనా పని చేశాం. విడిపోయిన కాంక్రీట్ తీసేసి, ఊచ వెనక దాకా చెక్కి, తుప్పు గీకి, పాలిమర్ కలిసిన మరమ్మతు మాల్ పట్టించాం. కొత్త కార్బన్ డయాక్సైడ్ లోపలికి పోకుండా పలకను అన్ని వైపులా కోటింగ్‌తో మూసేశాం. మొదటి వానలు వెళ్లాక కోటింగ్ పలకల అడుగున బొబ్బలెక్కింది. బొబ్బను గుచ్చితే నీళ్లు కారాయి. నీరు పలక లోపల ఉంది. దాన్ని బయటికి పోనివ్వకుండా మేమే సీలు వేశాం.

కోటింగు కంపెనీ మనిషి వేరే రకం వాడి చూద్దామన్నారు. నా టీములో ఇద్దరికి అది సబబుగానే అనిపించింది. నేను ఒప్పుకోలేదు, ఎందుకంటే అసలు ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు: అడుగు వైపు వాన పడదు కదా, అక్కడికి నీరెలా వచ్చింది?

వానలో నిలబడిన రోజు

భవనం కట్టిన కొత్తలో చిన్నపిల్లగా వచ్చి, అప్పటి నుంచీ అక్కడే ఉంటున్న ఒక పెద్దావిడ మా పనిని రోజూ గమనించేవారు. బొబ్బల సంగతి మాట్లాడుతుంటే ఆమె అన్నారు: "చిన్నప్పుడు వానొస్తే మా కిటికీ ముందు దారాల తెర కట్టినట్టు ఉండేది. ప్రతి పలక అంచు నుంచీ చుక్కలు తిన్నగా కిందికి పడేవి. మేం కూర్చుని చూసేవాళ్లం. ఇప్పుడు ఆ తెర ఉండదు. నీళ్లు గోడ మీదుగా వస్తాయి."

ఆమె మాటను నేను జ్ఞాపకాల కింద కొట్టి పారేయలేదు, ఎందుకంటే అందులో కచ్చితమైన పరిశీలన ఉంది. తర్వాతి పెద్ద వానకు ఆవిడ ఇంట్లోనే కిటికీ దగ్గర రెండు గంటలు నిలబడ్డాను. పలక పై నుంచి వచ్చిన నీరు ముందు అంచు దాటి, అడుగుకు తిరిగి, అంటుకుని వెనక్కి పాకింది. పలక అడుగంతా తడిసి, చివరికి గోడను చేరింది. అలా పాకకుండా ఆపాల్సిన గాడి అక్కడ లేదు.

మర్నాడు టార్చి పట్టుకుని అద్దం పెట్టి చూశాను. గాడి ఉంది, కాకపోతే నిండా మాల్. 41వ ఏట రంగులు వేసినవాళ్లు రంగు నున్నగా రావాలని గాడిని "పగులు" అనుకుని పూడ్చి, పైన రంగు వేసేశారు. పని శ్రద్ధగా చేశారు కూడా, ఒక్క గాడీ వదల్లేదు. పావురాలు గూళ్లు కడుతున్నాయని పలక వెనకున్న 75 మిల్లీమీటర్ల ఖాళీని కూడా అదే పనిలో చాలా చోట్ల మాల్‌తో మూసేశారు.

తేదీలు అప్పుడు పక్కపక్కన పెట్టాను. కార్బొనేషన్ లోతు కాలానికి వర్గమూలంగా పెరుగుతుంది. అంటే సగం లోతుకు చేరడానికి నాలుగో వంతు కాలం చాలు. 24 మిల్లీమీటర్లకు అరవై ఏళ్లు పడితే 12 మిల్లీమీటర్లకు పట్టేది పదిహేనేళ్లే. కవర్ తక్కువున్న చోట్ల ఊచలు 15వ ఏటి నుంచే రక్షణ లేకుండా ఉన్నాయన్న మాట. అయినా 46వ ఏటి దాకా ఒక్క పెచ్చూ ఊడలేదు. ముప్పై ఏళ్లు ఆ ఊచలకు ఏమీ కాలేదు, ఎందుకంటే అక్కడ నీరు లేదు. క్షారం పోవడం తలుపు తెరుచుకోవడం లాంటిది. తలుపు తెరిచి ఉన్నా నీరు, ఆక్సిజన్ రెండూ లోపలికొస్తేనే తుప్పు. ఇక్కడ గాడి నీటిని రానివ్వలేదు.

ఇది ఊహ కాకూడదని ఒక సాక్ష్యం వెతికాను. మెట్ల పక్కనున్న వరుసకు 41వ ఏట పరంజా వేయలేకపోయారని పాత ఫైలులో ఉంది. అక్కడ గాడులు పూడలేదు. తాళ్ల మీద దిగి చూస్తే ఆ వరుసలో కార్బొనేషన్ లోతు 26 మిల్లీమీటర్లు, మిగతా చోట్ల కంటే ఎక్కువ. పొడిగా ఉండే కాంక్రీట్‌లోకి కార్బన్ డయాక్సైడ్ ఇంకా తేలిగ్గా ఇంకుతుంది కాబట్టి ఇందులో వింత లేదు. ఒక చోట కాంక్రీట్ తెరిచి ఊచ చూశాం. నల్లగా, శుభ్రంగా, మిల్లు నుంచి వచ్చిన పొరతో సహా ఉంది. నా మొదటి రిపోర్టు ప్రకారం ఆ ఊచే అన్నిటికంటే ఎక్కువ తుప్పు పట్టి ఉండాలి.

ఇంకో నీరు

వానాకాలం లేని రోజుల్లో కూడా కొన్ని పలకలు తడిగా ఉన్నాయి. దీని వెనక కారణాల గొలుసు మెల్లగా బయటపడింది. పలక వెనక ఖాళీ ఉన్నంత కాలం వేడెక్కిన గాలి గోడను రాసుకుంటూ పైకి వెళ్లిపోయేది. ఖాళీ మూసేశాక ఆ వేడి ప్రతి గడిలోనూ నిలిచి, కిటికీల గుండా గదుల్లోకి వచ్చింది. గదులు వేడెక్కాక ఏసీలు పెట్టుకున్నారు. ఏసీ బయటి డబ్బా పెట్టడానికి అందరికీ కనిపించిన చోటు ఆ పలకే. ఏసీ నీళ్ల గొట్టం కొసను పలక మీదికే వదిలేశారు. ఎండాకాలమంతా సన్నగా, ఆగకుండా, రక్షణ లేని ఊచ మీద నీళ్లు. ఎవరూ తప్పు చేయాలని చేయలేదు. ప్రతి ఒక్కరూ తమ కళ్లకు కనిపించిన ఇబ్బందిని తీర్చుకున్నారు.

కొయ్యాలా, ఉంచాలా

సంఘం ముందు ఈ ప్రశ్న మళ్లీ పెట్టాను. కోసేస్తే ప్రమాదం ఒక్కసారిగా పోతుంది, ఖర్చు మొదట్లో తక్కువ. నిర్మాణ ఇంజనీరు లెక్క ప్రకారం అడ్డ పలకలు తీసినా భవనం బలానికి ఏమీ కాదు. కాబట్టి "కోస్తే భవనం కూలుతుంది" లాంటి అబద్ధపు భయం పెట్టలేను, పెట్టకూడదు కూడా. ఉంచడానికి నా వాదన వేడి మీద నిలబడింది.

ఎలాగూ కొన్ని పలకలు తీసి కొత్తవి పోయాల్సిందే. అలా తీసిన ఒక గడి ఖాళీగా ఉన్న మూడు వారాలూ, ఆ ఫ్లాట్‌లోనూ, పలకలు ఉన్న దాని పై ఫ్లాట్‌లోనూ ఉష్ణోగ్రత నమోదు చేసే పరికరాలు పెట్టాం. రెండు ఇళ్ల వాళ్లనూ ఆ మూడు వారాలు మధ్యాహ్నం ఏసీ వేయొద్దని బతిమాలాం. మబ్బు లేని రోజుల్లో సాయంత్రం నాలుగు నుంచి ఆరు మధ్య పలకలు లేని గది మూడు నుంచి నాలుగు డిగ్రీలు ఎక్కువ వేడెక్కింది. రెండు ఫ్లాట్లు, మూడు వారాలు, ఒక ఋతువు. దీన్ని అంతకంటే పెద్ద రుజువుగా నేను చూపలేదు. కానీ ఆ గది యజమాని సమావేశంలో లేచి, పలకలు ఎప్పుడు తిరిగి పెడతారని అడిగారు. నా గ్రాఫుల కంటే ఆ మాట గట్టిగా పనిచేసింది. ఉంచాలనే తీర్మానించారు.

ఏం చేశాం

గాడులు తెరవడం ముందు మొదలెట్టాం. మిషనుతో కొత్త గాడి కోయడం తేలిక, కానీ కవర్ పన్నెండే ఉన్న పలకలో బ్లేడు ఊచను తాకుతుంది. అదృష్టవశాత్తూ పూడ్చిన మాల్ పాత కాంక్రీట్ కంటే మెత్తన. ఉలితో, చేత్తో, పాత చెక్క బద్ద వదిలిన గాడి అంచులు కనిపించేదాకా తీశారు. ఒక్కో పలకకు గంటకు పైగా పట్టింది. తొందర పెట్టమని సంఘం అడిగినా నేను ఒప్పుకోలేదు. అంచు పాడైపోయి గాడి నిలవని పలకలకు మాత్రం అడుగున సన్నని అల్యూమినియం పట్టీ అతికించాం. ఆ పట్టీ గీతలా కనిపిస్తుంది, నాకది నచ్చదు. కానీ నీరు పాకడం కంటే గీత కనిపించడం మేలు.

పలక వెనక ఖాళీని తెరిచి, పావురాలకు అడ్డంగా స్టెయిన్‌లెస్ స్టీల్ జాలీ బిగించాం. గాలి పోతుంది, పక్షి పోదు.

ఊచ మందం ఐదో వంతుకు మించి పోయిన పలకలను కొత్తగా పోశాం. ఇంకో రకం పలకలను కూడా మార్చాల్సి వచ్చింది. రెండు అంతస్తుల పలకల్లో క్లోరైడ్ ఎక్కువ వచ్చింది. కాంక్రీట్ తొందరగా గట్టిపడాలని ఆ రోజుల్లో కాల్షియం క్లోరైడ్ కలిపేవారు. ఊచలున్న కాంక్రీట్‌లో దాని వాడకాన్ని బ్రిటన్ ఆపింది 1977లో. ఆ పలకలకు గాడి కథ వర్తించదు. ఆ ఉప్పు, గాలిలోని తేమనే లాగుకుంటుంది, క్షారం ఉన్నా ఊచ పొరను గుచ్చుతుంది. పొడిగా ఉంచితే చాలు అని నేను అప్పటికి గట్టిగా నమ్ముతున్నాను కాబట్టి, ఆ ల్యాబ్ ఫలితాలు లేకపోతే వాటిని కూడా అలాగే వదిలేసేవాణ్ణి.

నిలువు పలకలను తీయలేం, అవి ఫ్రేమ్‌లో భాగం. వాటిలో అతుకులు తప్పలేదు. తుప్పు ఉంగరం మళ్లీ రాకుండా ప్రతి అతుకు అంచున, ఊచకు చిన్న జింక్ ముక్కలు కట్టాం. ఊచకు బదులు జింక్ కరుగుతుంది. ఎక్కడ కట్టాలో తెలియడానికి హాఫ్ సెల్ పరీక్ష, అంటే కాంక్రీట్ పై నుంచి ఊచ వోల్టేజి కొలిచే పరీక్ష, చేశాం. ఆ పరీక్షకు అమెరికా ప్రమాణాల సంస్థ ఏఎస్‌టీఎమ్ వారి సీ876 ప్రమాణం ఇచ్చే గీత మైనస్ 350 మిల్లీవోల్టులు. అంతకంటే కిందికి దిగితే తుప్పు పట్టే అవకాశం 90 శాతానికి మించి ఉంటుందని. కార్బొనేషన్ పట్టి ఎండిన కాంక్రీట్‌లో ఆ అంకెను అక్షరాలా నమ్మకూడదు. మేం అంకెను కాక, పక్కపక్క బిందువుల మధ్య తేడా ఎక్కడ ఒక్కసారిగా పెరిగిందో చూశాం. అనుమానం వచ్చిన చోట తెరిచి చూశాం.

కోటింగ్ పూర్తిగా మానేశాం. పలక పై వైపు, ముందు అంచు మాత్రం నీటిని పీల్చని సిలేన్ పూశాం. అది పొరలా మూయదు, కాంక్రీట్ రంధ్రాల గోడలకు పట్టుకుని నీటి చుక్కను లోపలికి రానివ్వదు. ఆవిరి మాత్రం బయటికి పోతుంది. అడుగు వైపు ఏమీ పూయలేదు.

అతుకుల రంగు, గీతలు కలవడానికి పట్టిన శ్రమ గురించి వేరే రాయాలి. ఏడు నమూనాలు పోశాం. తడిగా ఉన్నప్పుడు కలిసిన రంగు ఆరాక కలవదు, ఆరినప్పుడు కలిసింది రెండు నెలల ఎండావానలకు మారుతుంది. ఆగి చూడాల్సిందే. చెక్క గీతల కోసం మేస్త్రీ ఒక పద్ధతి చెప్పాడు: వాడిన పాత చెక్క పలకలను రాత్రంతా నీళ్లలో నానబెట్టి, వైర్ బ్రష్‌తో రుద్దితే మెత్తని భాగం పోయి నారలు పైకి లేస్తాయి. ఆ పలకల మధ్య పోసిన అతుకును ఇప్పుడు నేను కూడా వెతుక్కోవాలి. మార్సే భవనంలో చెక్క ముద్రలను దాచకుండా వదిలేయడం ఒక విలువగా నిలబడింది. ఇక్కడ పనిచేసిన అజ్ఞాత వడ్రంగులు కూడా చెక్క పలకలను నారలు చూసుకుని వరసగా అమర్చారని, వాళ్ల పక్కన కొత్త పలకలు పెడుతుంటే తెలిసింది. మరమ్మతు చేతికి వచ్చాకే ఇలాంటివి కనిపిస్తాయి.

అన్నిటికంటే కష్టమైనది కాంక్రీట్ పని కాదు. ఏసీ నీళ్లు. పలకల మీద పడుతున్న నీళ్లన్నిటినీ గొట్టాలతో కలిపి, వంటిళ్ల వెనకున్న పైపుల దారిలోకి దింపాలి. అందుకు 72 ఇళ్ల వాళ్లూ ఒప్పుకోవాలి, తలుపు తీయాలి, గోడలో రంధ్రం పెట్టనివ్వాలి. ఏడు నెలలు పట్టింది. ఉత్తరాలు పనిచేయలేదు. తుప్పు పట్టిన ఊచ ముక్కనూ, మెట్ల వరుసలో తీసిన శుభ్రమైన ఊచ ముక్కనూ ఒక పెట్టెలో పక్కపక్కన పెట్టుకుని ఇంటింటికీ వెళ్లాను. రెండూ ఒకే ఏడాది పోసిన పలకల్లోని ఊచలని చెప్పి, చేతికిచ్చేవాణ్ణి. ఎక్కువ మంది ఆ తర్వాత వాదించలేదు.

నేను మార్చుకున్నవి

ఇప్పుడు కొత్త కేసులో డ్రాయింగులు తెరిచినప్పుడు స్తంభాలు, బీములు చూసే ముందు ఖాళీలు చూస్తాను. గాడి, సందు, జాయింటు, నీరు పోయే రంధ్రం, పిట్టగోడ కింద వదిలిన చీలిక. ఒక్కోటీ ఎందుకు ఉందో ఒక కాగితం మీద రాసి, భవనం దగ్గరికి వెళ్లి ఒక్కోటీ ఇంకా తెరిచి ఉందో లేదో చూస్తాను. ఆ కాలపు ఆధునిక భవనాల్లో అలంకారం లేదు కాబట్టి ప్రతి గీతకూ ఏదో పని ఉంటుందని మనం పుస్తకాల్లో చదువుకుంటాం. ఆ మాటను అడ్డ పలక అడుగున పది మిల్లీమీటర్ల లోతులో చదవడం నాకు ఈ భవనం నేర్పింది.

వాన కురిసేటప్పుడు చూడని భవనానికి రిపోర్టు ఇవ్వను. ఈ నియమం వల్ల రెండు పనులు ఆలస్యమయ్యాయి, ఒక పని పోయింది కూడా.

పరీక్ష ఫలితం ఒక కారణాన్ని చూపించినప్పుడు, ఆ కారణం ఉండీ నష్టం లేని చోటు ఇదే భవనంలో ఉందా అని వెతకడం ఇప్పుడు మా టీము పనిలో తప్పనిసరి భాగం. మెట్ల వరుసను మొదటి నెలలో తెరిచి ఉంటే, ఒక నమూనా వరుస, ఒక వానాకాలం మిగిలేవి.

ఇప్పటి పరిస్థితి

పని ముగిసి రెండు వానాకాలాలు గడిచాయి. రెండు వేళలా తాళ్ల మీద దిగి చూశాం. అడ్డ పలకల్లో కొత్త తుప్పు మరక రెండింటికే కనిపించింది, రెండింటి మీదా ఏసీ గొట్టం మళ్లీ ఊడి ఉంది. బిగించారు. ఒక ఇంటివాళ్లు బాల్కనీకి రంగు వేయిస్తూ గాడిలో పుట్టీ పెట్టించబోతే, పై అంతస్తు పెద్దావిడ కిటికీలోంచి చూసి ఆపించారట. ఆ తర్వాత సంఘం, భవనంలో రంగుల పనికి వచ్చే ప్రతి మనిషికీ ఇచ్చేందుకు గాడి బొమ్మతో ఒక కాగితం అచ్చు వేయించింది.

నాలుగో అంతస్తులో మూడు నిలువు పలకలు నాకు ఇంకా నమ్మకం కలిగించలేదు. అక్కడ జింక్ కట్టినా, అతుకులకు దూరంగా ఉన్న బిందువుల దగ్గర వోల్టేజి తేడా తగ్గలేదు. లోపల మనం చూడని జాయింటు ఒకటి తడిగా ఉందని అనుమానం. ఈసారి వానలు వెళ్లిన నెలకు మళ్లీ కొలుస్తాం. తేడా అలాగే ఉంటే ఒక చోట తెరుస్తాం.